గోప్యత, ఊహాగానం, సాక్ష్యం: నెల్లూరు తీరానుభవం వెలుగులో స్వదేశీ స్టెల్త్ యుద్ధవిమాన కార్యక్రమం – ఒక పరిశీలన

సారాంశం:
రక్షణరంగ రహస్యాలను గురించిన చర్చ తరచుగా ‘తెలిసినది’, ‘తెలియనిది’ అన్న రెండు మాటల మధ్యనే తిరుగుతుంది. నిజానికి ఏ రహస్య కార్యక్రమమూ పూర్తిగా దాగి ఉండదు. దానిలో కొంత భాగం బయటి ప్రపంచాన్ని తాకక తప్పదు. ఆ జాడల నుండే ఊహాగానాలు పుడతాయి. భారతదేశం రూపొందిస్తున్న స్టెల్త్ యుద్ధవిమానం ‘ఆమ్కా’ చుట్టూ అల్లుకున్న ఊహాగానాలను అర్థం చేసుకోవడానికి, నెల్లూరు తీరంలోని శ్రీహరికోటలో వేర్వేరు కాలాల్లో జరిగిన ప్రయోగాలను ఈ వ్యాసం ఆధారంగా తీసుకుంటుంది. గోప్యతను ఉనికి, రూపం, సామర్థ్యం, ఉద్దేశం అనే నాలుగు పొరలుగా విభజించి, ఏ పొరలో ఏది దాగుతుందో పరిశీలిస్తుంది. దేశభద్రతకు అవసరమైన గోప్యత, జాప్యానికి కూడా ముసుగు కారాదన్నది ఈ వ్యాసం చేరే నిర్ణయం.

కీలకపదాలు: స్టెల్త్, ఆమ్కా, శ్రీహరికోట, గోప్యత, ఊహాగానం, సమాచార హక్కు, రాడార్.

1. ప్రవేశిక

‘అడ్వాన్స్‌డ్ మీడియం కంబాట్ ఎయిర్‌క్రాఫ్ట్’ అన్న పేరుకు సంక్షిప్తరూపం ‘ఆమ్కా’. బెంగళూరులోని ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఏజెన్సీ రూపకల్పన చేస్తున్న ఈ విమానానికి రెండు ఇంజన్లు, ఒకే పైలట్ స్థానం ఉంటాయి. బరువు సుమారు 25 టన్నులు. దీని పూర్తిస్థాయి అభివృద్ధికి దాదాపు రూ. 15,000 కోట్ల వ్యయంతో కేంద్ర మంత్రివర్గ భద్రతా వ్యవహారాల కమిటీ 2024 మార్చిలో ఆమోదం తెలిపింది. కార్యక్రమాన్ని అమలుచేసే విధానాన్ని రక్షణమంత్రి 2025 మే 27న ఆమోదించారు.

ఇంతవరకు అధికారికంగా ప్రకటితమైన విషయాలు. వీటి చుట్టూ పేరుకున్న కథనాలు వీటికి అనేక రెట్లు. విమానం రాడార్‌కు ఎంత చిన్నదిగా కనిపిస్తుంది, మొదటిసారి ఎప్పుడు ఎగురుతుంది, ఎక్కడ తయారవుతుంది, ఏ దేశపు విమానం కంటే మెరుగైనది అన్న ప్రశ్నలకు ప్రతిరోజూ ఎవరో ఒకరు జవాబు చెబుతూనే ఉన్నారు. ఈ జవాబులలో నిజమెంత అని తేల్చడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఇటువంటి జవాబులు ఎలా పుడతాయి, వాటిని పరిశోధకులు ఎలా చదవాలి అన్నవే ఇక్కడి ప్రశ్నలు.

ఈ ప్రశ్నలకు జవాబు వెతకడానికి తెలుగువారికి దగ్గరలోనే ఒక మంచి క్షేత్రం ఉంది. పులికాట్ సరస్సుకు, బంగాళాఖాతానికి నడుమ ఉన్న శ్రీహరికోట దీవి అది. 2022లో జిల్లాల పునర్విభజన జరిగేవరకు నెల్లూరు జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి వచ్చింది. 1971 అక్టోబర్ 9న రోహిణి-125 పరిశోధక రాకెట్‌తో ఇక్కడ ప్రయోగాలు మొదలయ్యాయి. ఇది పౌర అంతరిక్ష సంస్థకు చెందిన కేంద్రం. అయినా రక్షణ అవసరాలు ఈ తీరాన్ని పలుమార్లు తాకాయి. బహిరంగత, గోప్యత ఒకే చోట పక్కపక్కన నిలబడిన ఇటువంటి ప్రదేశాలు దేశంలో అరుదు. అందువల్ల యుద్ధవిమానం ఇక్కడ తయారుకాకపోయినా, దాని చుట్టూ ఉన్న గోప్యతను చదివే పద్ధతిని ఇక్కడి నుండి నేర్చుకోవచ్చు.

2. గోప్యతకు నాలుగు పొరలు

రహస్యం ఒకే ముద్ద కాదు. ఒక ఆయుధ కార్యక్రమానికి సంబంధించి నాలుగు వేర్వేరు విషయాలు దాచబడవచ్చు. మొదటిది ఉనికి: అటువంటి కార్యక్రమం ఉందా, లేదా? రెండవది రూపం: ఆ వస్తువు చూడడానికి ఎలా ఉంటుంది? మూడవది సామర్థ్యం: అది ఎంత దూరం, ఎంత వేగంగా, ఎంత కచ్చితంగా పనిచేస్తుంది? నాలుగవది ఉద్దేశం: దాన్ని దేనికోసం నిర్మించారు, ఎప్పుడు వాడతారు?

ఒక పొర తెరుచుకున్నంత మాత్రాన తక్కినవి తెరుచుకోవు. ఉనికిని ప్రకటించి సామర్థ్యాన్ని దాచవచ్చు. రూపాన్ని అందరి ఎదుటా నిలబెట్టి ఉద్దేశాన్ని దాచవచ్చు. ఊహాగానాలలో కనిపించే ప్రధాన దోషం ఇక్కడే ఉంది. తెరుచుకున్న పొరలో దొరికిన ఒక నిజాన్ని ఆధారం చేసుకొని, మూసి ఉన్న పొర గురించి నిశ్చయంగా మాట్లాడడం జరుగుతుంది. దొరికిన ఆధారం నిజమే కావడం వల్ల, దాని మీద కట్టిన నిర్ణయం కూడా నిజమన్న భ్రమ కలుగుతుంది.

3. నెల్లూరు తీరం: కొన్ని ఉదాహరణలు

3.1. పృథ్వి (1988)

1980 జులై 18న ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ శ్రీహరికోట నుండి రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో చేర్చింది. ఆ ప్రాజెక్టుకు నాయకత్వం వహించిన ఏ.పి.జె. అబ్దుల్ కలాం 1982లో హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధన, అభివృద్ధి ప్రయోగశాలకు సంచాలకులుగా వెళ్ళారు. 1983లో సమీకృత క్షిపణి అభివృద్ధి కార్యక్రమం మొదలైంది. ఆ కార్యక్రమంలో రూపొందిన పృథ్వి క్షిపణి తొలి పరీక్ష 1988 ఫిబ్రవరి 25న జరిగింది. జరిగిన చోటు శ్రీహరికోట.

మరుసటి ఏడాది, 1989 మే 22న, ఒడిశా తీరంలోని చాందీపూర్ నుండి అగ్ని క్షిపణిని పరీక్షించారు. దాని మొదటి దశ ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ మొదటి దశ నుండి వచ్చినదే. ఈ రెండు సంఘటనలూ బహిరంగమైనవే. అయితే ఉనికి, రూపం తెలిసిన తరువాత విదేశాలలో చర్చ ఉద్దేశం వైపు మళ్ళింది. భారత అంతరిక్ష కార్యక్రమమంతా క్షిపణులకు ముసుగేనన్న అనుమానం కొన్ని దేశాలలో బలపడింది. క్షిపణి సాంకేతికత వ్యాప్తిని అరికట్టే పేరుతో 1987లో ఏర్పడిన అంతర్జాతీయ నియంత్రణ వ్యవస్థ ఆ అనుమానానికి ఒక చట్రాన్ని ఇచ్చింది. క్రయోజెనిక్ ఇంజన్ల కోసం రష్యా సంస్థ గ్లావ్‌కాస్మాస్‌తో కుదిరిన ఒప్పందాన్ని కారణంగా చూపి అమెరికా 1992 మేలో ఇస్రోపై రెండేళ్ళ ఆంక్షలు విధించింది. క్రయోజెనిక్ ఇంజన్‌లో ద్రవ హైడ్రోజన్‌ను, ద్రవ ఆక్సిజన్‌ను అత్యల్ప ఉష్ణోగ్రతల వద్ద నింపాలి. ఇంధనం నింపి రోజుల తరబడి సిద్ధంగా నిలపడం సాధ్యం కాదు కాబట్టి అది క్షిపణికి అనువైనది కాదు. అయినా ఉద్దేశం గురించిన అనుమానం ముందు సాంకేతిక వాస్తవం నిలువలేదు. ఊహాగానానికి మూల్యం ఉంటుందని, దాన్ని కొన్నిసార్లు ఒక దేశపు పౌర విజ్ఞానం చెల్లించవలసి వస్తుందని ఈ ఉదాహరణ చెబుతుంది.

3.2. మైక్రోశాట్-ఆర్ (2019)

2019 జనవరి 24 రాత్రి పీఎస్‌ఎల్‌వీ-సీ44 రాకెట్ మైక్రోశాట్-ఆర్ అనే ఉపగ్రహాన్ని శ్రీహరికోట నుండి మోసుకెళ్ళింది. అది ఛాయాచిత్రాలు తీసే ఉపగ్రహమని ఇస్రో పరిచయం చేసింది. కక్ష్య ఎత్తు సుమారు 274 కిలోమీటర్లని కూడా ప్రకటించింది. ఆ సంఖ్య అసాధారణమైనది. భూపరిశీలక ఉపగ్రహాలు సాధారణంగా 500 కిలోమీటర్లకు పైన తిరుగుతాయి. 274 కిలోమీటర్ల వద్ద వాతావరణ ఘర్షణ ఎక్కువ కాబట్టి ఉపగ్రహం ఎక్కువకాలం నిలువలేదు.

రెండు నెలల తరువాత, మార్చి 27న, ‘మిషన్ శక్తి’ పేరిట ఒడిశా తీరంలోని అబ్దుల్ కలాం దీవి నుండి ప్రయోగించిన క్షిపణి సుమారు 300 కిలోమీటర్ల ఎత్తులో ఒక భారతీయ ఉపగ్రహాన్ని కూల్చింది. ఆనాటి ప్రకటన ఉపగ్రహం పేరు చెప్పలేదు. అంతర్జాతీయ ఉపగ్రహ జాబితాలలో ఆ శకలాలు మైక్రోశాట్-ఆర్ పేరిట నమోదయ్యాయి. అప్పుడు డీఆర్‌డీవో అధిపతిగా ఉన్న జి. సతీష్‌రెడ్డి నెల్లూరు జిల్లాకు చెందిన శాస్త్రవేత్త కావడం ఈ తీరానికి ఆ సంఘటనతో ఉన్న మరొక బంధం.

ఇక్కడ ఉనికి దాచబడలేదు. కక్ష్య కూడా దాచబడలేదు. దాగినది ఉద్దేశం ఒక్కటే. అసాధారణమైన ఆ సంఖ్య జనవరిలోనే అందరి ముందూ ఉంది. దాన్ని చూసినవారు తక్కువ ఎత్తు నుండి స్పష్టమైన చిత్రాలు తీయడానికే ఆ కక్ష్య అనుకోవడంలో తప్పేమీ లేదు. ఇచ్చిన వర్ణనకు అది సహజంగా సరిపోయే వివరణ. బహిరంగ సమాచారం ఎంత ఉన్నా ఉద్దేశాన్ని దాని నుండి ఒక్కటిగా రాబట్టలేమని ఇది నిరూపిస్తుంది. ఒకే సంఖ్యకు రెండు వివరణలు సరిపోయినప్పుడు రెండింటినీ నిలిపి ఉంచడమే పరిశోధకుని ధర్మం.

3.3. ఎమిశాట్ (2019)

మిషన్ శక్తి జరిగిన ఐదు రోజులకే, 2019 ఏప్రిల్ 1న, పీఎస్‌ఎల్‌వీ-సీ45 ప్రయోగం జరిగింది. శ్రీహరికోటలో ప్రజలు కూర్చొని ప్రయోగాన్ని ప్రత్యక్షంగా చూసేందుకు నిర్మించిన వీక్షణశాల తలుపులు తెరుచుకున్నది ఆ ప్రయోగంతోనే. జనం తరలివచ్చి చూసిన ఆ రాకెట్‌లోని ప్రధాన ఉపగ్రహం ఎమిశాట్. 436 కిలోల ఆ ఉపగ్రహం విద్యుదయస్కాంత వర్ణపటాన్ని కొలవడానికి ఉద్దేశించినదని ఇస్రో ఒకే ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకుంది. అది శత్రు రాడార్ల జాడ పసిగట్టే ఉపగ్రహమని పత్రికలు రాశాయి. అది కేవలం ఊహ కూడా కాదు. ‘కౌటిల్య’ పేరుతో ఎలక్ట్రానిక్ నిఘా పరికరం తయారవుతున్నదన్న ప్రస్తావన రక్షణ మంత్రిత్వశాఖ 2013–14 వార్షిక నివేదికలోనే ఉంది.

ఈ ఉదాహరణ ఇచ్చే పాఠం వేరు. ప్రయోగం రోజున ఒక వాక్యంతో సరిపెట్టిన విషయానికి ఐదేళ్ళ ముందే ప్రభుత్వ ముద్రణలో ఆధారం ఉంది. రహస్యమని మనం భావించేది కొన్నిసార్లు ఎవరూ తెరిచి చూడని వార్షిక నివేదిక మాత్రమే కావచ్చు.

3.4. రెక్కల వాహనం (2016)

పై మూడింటికి భిన్నమైన ఉదాహరణ ఒకటి ఉంది. 2016 మే 23న శ్రీహరికోట నుండి రెక్కలు గల ఒక పునర్వినియోగ ప్రయోగ వాహన నమూనాను ఇస్రో పరీక్షించింది. అది సుమారు 65 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్ళి, ధ్వనికి ఐదు రెట్ల వేగంతో వాతావరణంలోకి తిరిగివచ్చి, తీరానికి సుమారు 450 కిలోమీటర్ల దూరంలో సముద్రంపై దిగింది. విమానాన్ని పోలిన రూపం, అతిధ్వని వేగం – ఊహాగానానికి కావలసిన సరుకంతా అందులో ఉంది. అయినా దాని చుట్టూ వదంతులు పెద్దగా పేరుకోలేదు. లక్ష్యమేమిటో, ఏ దశ తరువాత ఏ దశ జరుగుతుందో సంస్థ స్వయంగా చెప్పింది. చెప్పినట్టే తదుపరి దశలో 2023, 2024లలో కర్ణాటకలోని చిత్రదుర్గ వద్ద నేలపై దిగే పరీక్షలు జరిగాయి. నాలుగు పొరలనూ తెరిచి ఉంచిన చోట ఊహకు పని తగ్గుతుంది.

4. సముద్రంపై గీసిన గీతలు

ఎంతటి రహస్య పరీక్ష అయినా ఒక నియమానికి తలవంచక తప్పదు. ఆకాశంలో విమానాలు, సముద్రంలో నౌకలు, పడవలు ప్రమాదంలో పడకుండా ముందుగా హెచ్చరించాలి. వైమానికులకు జారీచేసే ‘నోటమ్’ అనే హెచ్చరికలో ప్రమాద ప్రాంతపు హద్దులు అక్షాంశ రేఖాంశాలతో ఉంటాయి; తేదీలు, వేళలు ఉంటాయి. ఏ వస్తువును ప్రయోగిస్తున్నారన్నది మాత్రం ఉండదు. బంగాళాఖాతంపై ఇటువంటి హెచ్చరిక వెలువడగానే, ఆ ప్రాంతపు పొడవును కొలిచి ఏ క్షిపణిని పరీక్షించబోతున్నారో చెప్పే కథనాలు పుట్టుకొస్తాయి.

హద్దు ఒక సాక్ష్యమే. కానీ అది భద్రత కోసం గీసిన హద్దు, క్షిపణి పరిధికి కొలబద్ద కాదు. లక్ష్యం తప్పిన శకలాలు పడగల చోట్లను కూడా కలుపుకొని దాన్ని గీస్తారు. ఒకే క్షిపణిని తక్కువ దూరానికి, ఎక్కువ ఎత్తుకు ప్రయోగించవచ్చు. పరీక్ష వాయిదా పడవచ్చు, రద్దు కావచ్చు. కాబట్టి ఆ హెచ్చరిక నుండి ‘ఫలానా రోజుల్లో ఫలానా ప్రాంతంలో ఏదో ప్రయోగానికి అవకాశం ఉంది’ అన్నంతవరకే నిర్ధారణగా చెప్పగలం.

ఈ హద్దులను కథనాల కోసం కాక బతుకు కోసం చదివేవారు తీరంలో ఉన్నారు. ప్రయోగాల వేళ నిర్ణీత ప్రాంతంలోకి వేటకు వెళ్ళవద్దన్న హెచ్చరిక మత్స్యకార గ్రామాలకు అందుతుంది. వలవేసే మనిషికి రాకెట్‌లో ఏముందన్నది ముఖ్యం కాదు. ఏ రోజు, ఎంతసేపు, ఎక్కడివరకు అన్నవే ముఖ్యం. ఆ మేరకు సమాచారం అతనికి తప్పక చేరుతుంది. ఉద్దేశాన్ని దాచుకున్న వ్యవస్థ కూడా, తన పని వల్ల ఇతరులకు కలిగే ప్రభావాన్ని దాచలేదు, దాచకూడదు. గోప్యతకు న్యాయమైన హద్దు ఏదన్న ప్రశ్నకు తీరంలోని ఈ ఆచారం ఒక సమాధానం చూపుతుంది. ఈ సూత్రం మళ్ళీ ఏడవ విభాగంలో అక్కరకు వస్తుంది.

5. స్టెల్త్: ఏది దాగుతుంది?

ఇక యుద్ధవిమానం విషయానికి వద్దాం. స్టెల్త్ అంటే అదృశ్యం కావడం కాదు. రాడార్ పంపిన తరంగం విమానాన్ని తాకి ఎంత మేరకు రాడార్ వైపే తిరిగివస్తుందో దాన్ని బట్టి ఆ విమానం రాడార్‌కు ఎంత పెద్దదిగా కనిపిస్తుందో నిర్ణయమవుతుంది. దీన్ని రాడార్ ప్రతిఫలన వైశాల్యం అనవచ్చు. ఈ వైశాల్యాన్ని తగ్గించడానికి నాలుగు మార్గాలు ప్రధానం: తరంగాలు పక్కలకు చెదిరేలా ఉపరితలాలను వాల్చడం, అంచులన్నిటినీ కొద్ది దిశలకే సమాంతరంగా అమర్చడం, ఇంజన్ ముఖం కనబడకుండా గాలి మార్గాన్ని వంపు తిప్పడం, ఆయుధాలను విమానం పొట్టలోనే దాచడం. వీటికి తోడు తరంగాలను పీల్చుకొనే పూతలు ఉంటాయి.

రాడార్ ఒక విమానాన్ని గుర్తించగల దూరం ఆ వైశాల్యపు నాలుగో మూలానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అంటే వైశాల్యాన్ని 16వ వంతుకు తగ్గిస్తే గుర్తింపు దూరం సగమే తగ్గుతుంది. 10,000వ వంతుకు తగ్గిస్తేనే దూరం పదో వంతుకు వస్తుంది. 200 కిలోమీటర్ల నుండి కనిపించే విమానం అప్పుడు 20 కిలోమీటర్ల వద్ద కనిపిస్తుంది. పైగా ఈ వైశాల్యం ఒకే సంఖ్య కాదు. ముందునుండి చూస్తే ఒకటి, పక్కనుండి చూస్తే మరొకటి. తక్కువ తరంగదైర్ఘ్యపు రాడార్‌కు ఒకటి, మీటర్ల తరంగదైర్ఘ్యపు రాడార్‌కు మరొకటి. 1999 మార్చి 27న సెర్బియా దళాలు అమెరికా ఎఫ్-117 స్టెల్త్ విమానాన్ని కూల్చినప్పుడు దాని జాడ తీయడంలో మీటర్ల తరంగదైర్ఘ్యంతో పనిచేసే పాత రాడార్ ఒకటి తోడ్పడింది.

కాబట్టి ఒక కథనం ‘ఈ విమానపు రాడార్ వైశాల్యం ఇంత’ అని ఒకే సంఖ్య చెప్పి, ఏ కోణం నుండి, ఏ పౌనఃపున్యం వద్ద అన్నది చెప్పకపోతే, ఆ సంఖ్య నిజమో కాదో అన్న ప్రశ్నే తలెత్తదు. దానికి అర్థమే లేదు. రహస్య పత్రాలేవీ చూడకుండానే పాఠకుడు చేయగల పరీక్ష ఇది.

6. ప్రపంచానుభవం: రూపం గురించిన పొరపాటు

స్టెల్త్ చరిత్రలో ఒక విచిత్రం ఉంది. దాని సిద్ధాంతానికి పునాది బహిరంగ ప్రచురణలో ఉంది. అంచుల వద్ద తరంగాలు ఎలా చెదురుతాయన్న విషయంపై సోవియట్ శాస్త్రవేత్త ప్యోతర్ ఉఫిమ్‌త్సెవ్ రాసిన గ్రంథం 1962లో మాస్కోలో వెలువడింది. అమెరికా వైమానిక దళం 1971లో దాన్ని ఆంగ్లంలోకి అనువదింపజేసుకుంది. లాక్‌హీడ్ సంస్థ ఇంజనీర్లు దాన్ని తమ లెక్కలకు ఉపయోగించుకున్నారు. ఆ లెక్కల నుండి పుట్టిన ప్రయోగ విమానం 1977 డిసెంబర్‌లో, ఎఫ్-117 విమానం 1981 జూన్‌లో తొలిసారి ఎగిరాయి. అమెరికా ప్రభుత్వం ఎఫ్-117 ఉనికిని ఒప్పుకున్నది 1988 నవంబర్‌లో.

నడుమ ఏడేళ్ళు ఊహ రాజ్యమేలింది. ఆ విమానం పేరు ‘ఎఫ్-19’ అని చాలామంది నమ్మారు. 1986లో టెస్టర్ అనే బొమ్మల సంస్థ ఆ పేరుతో ఒక నమూనాను అమ్మింది. అది గుండ్రని వంపులతో నునుపుగా ఉంది. అసలు విమానం కోసిన వజ్రంలా చదునైన పలకలతో కూడినది. ఊహ ఉనికి విషయంలో నిజమైంది; పేరు, రూపం రెండింటిలోనూ తప్పింది. ఆనాటి కంప్యూటర్లు వంపుల ఉపరితలాలపై తరంగాల ప్రతిఫలనాన్ని లెక్కించలేకపోవడమే పలకల రూపానికి కారణం. ఆ పరిమితి ఊహించినవారి మనసుకు రాలేదు.

చైనా అనుభవంలో దాపరికం తీరు మరో రకంగా ఉంది. 2010 డిసెంబర్‌లో చెంగ్డూ విమానాశ్రయపు ప్రహరీ బయటినుండి తీసిన జె-20 ఛాయాచిత్రాలు వెలువడ్డాయి. 2011 జనవరి 11న, అమెరికా రక్షణమంత్రి బీజింగ్‌లో ఉండగానే, అది తొలిసారి ఎగిరింది. 2024 డిసెంబర్ 26న తోకలేని కొత్త విమానాలు చైనా నగరాల మీదుగా పట్టపగలు ఎగిరినప్పుడు కూడా అధికారిక ప్రకటన రాలేదు. ప్రజల కెమెరాలను అడ్డుకోకపోవడం కూడా ఒక ప్రకటనా పద్ధతే. అక్కడ రూపం కనబడుతుంది. ఉనికిపై మాత్రం మౌనం. ఎఫ్-117 కాలంతో పోలిస్తే పొరలు తిరగబడ్డాయి.

7. ఆమ్కా: ఏ పొర మూసి ఉంది?

ఈ చట్రంలో ఆమ్కాను నిలిపి చూద్దాం. ఉనికి బహిరంగం. రూపం కూడా బహిరంగమే: 2025 ఫిబ్రవరిలో బెంగళూరు ఎలహంకలో జరిగిన ఏరో ఇండియా ప్రదర్శనలో పూర్తి పరిమాణపు నమూనాను అందరి ముందూ నిలిపారు. లోపలి ఆయుధ గది, వాలిన తోకలు, వంపు తిరిగిన గాలి మార్గాలు అందరికీ తెలిసినవే. తొలి విమానాలకు అమెరికా తయారీ ఎఫ్-414 ఇంజన్లు, తరువాతి వాటికి మరింత శక్తిమంతమైన ఇంజన్లు వాడతారన్న ప్రణాళిక కూడా బహిరంగమే. ఉద్దేశంపై కూడా పెద్ద చిక్కులేదు. వైమానిక దళపు అవసరం తెలిసిందే. నిజంగా మూసి ఉన్నది సామర్థ్యం: పూతల కూర్పు, రాడార్ వైశాల్యం, సంవేదకాల పరిధి, ఎలక్ట్రానిక్ యుద్ధ సాధనాలు. వీటిని ఏ దేశమూ చెప్పదు. చెప్పమని అడగడం కూడా సమంజసం కాదు.

అయితే ఊహాగానాలలో అధికభాగం వీటి మీద కాక, ఎప్పుడు, ఎక్కడ అన్న ప్రశ్నల మీదే నడుస్తున్నది. 2025 మేలో లేపాక్షి–మడకశిర ప్రాంతంలో విమాన తయారీకి భూమి ఇస్తామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేంద్రానికి ప్రతిపాదించింది. ఆ ప్రతిపాదన వార్త కొద్ది రోజుల్లోనే హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ బెంగళూరు నుండి తరలిపోతోందన్న వదంతిగా మారి, కర్ణాటకలో రాజకీయ నిరసనకు దారితీసింది. అక్కడ రక్షణ రహస్యమేదీ లేదు. ఒక ప్రతిపాదన నిర్ణయంగా చదవబడింది, అంతే.

ఈ మార్పులో భాష పాత్ర గమనించదగినది. విన్నమాటను చూసినమాట నుండి వేరుచేయడానికి తెలుగులో ‘అట’ ఉంది. సందేహానికి ‘కాబోలు’, ‘ఏమో’ ఉన్నాయి. సంభావ్యతకు ‘కావచ్చు’ ఉంది. ‘వస్తుందట’ అన్న మాటలో వక్త తన బాధ్యతను ఎంతవరకు తీసుకున్నాడో వెంటనే తెలుస్తుంది. వార్తాభాషలో వీటి స్థానాన్ని ‘తెలుస్తోంది’, ‘సమాచారం’, ‘విశ్వసనీయ వర్గాల భోగట్టా’ ఆక్రమించాయి. ఎవరికి తెలుస్తోందో, ఎవరి సమాచారమో వాక్యంలో ఉండదు. మరొక వ్యాసకర్త ఆ వార్తను ఉదహరించేసరికి ఆ కాస్త సందేహచిహ్నం కూడా రాలిపోతుంది. ‘వస్తుందని తెలుస్తోంది’ అన్నది ‘వస్తుంది’ అయి, పరిశోధన పత్రంలో ఆధారమై కూర్చుంటుంది.

ఎప్పుడు అన్న ప్రశ్న మరింత కీలకమైనది. తేలికపాటి యుద్ధవిమాన కార్యక్రమం 1983లో మంజూరైంది. అదే తరువాత తేజస్ అయింది. తొలిసారి ఎగిరింది 2001 జనవరి 4న. మొదటి స్క్వాడ్రన్ ఏర్పడింది 2016 జులై 1న. మంజూరుకు, స్క్వాడ్రన్‌కు నడుమ 33 ఏళ్ళు. ఈ జాప్యపు కారణాలు దేశానికి వివరంగా తెలిసింది ఏ గూఢచారి వల్లా కాదు. 2015లో పార్లమెంటు ముందుకు వచ్చిన కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదిక అందులో ప్రధానమైనది. ఆ నివేదిక వల్ల విమానపు సామర్థ్య రహస్యాలు శత్రువు చేతికి చిక్కాయని ఎవరూ అనలేదు.

చట్టం కూడా ఈ తేడాను కొంతవరకు గుర్తించింది. సమాచార హక్కు చట్టం–2005లోని సెక్షన్ 8(1)(ఎ) దేశభద్రతకు, వ్యూహాత్మక ప్రయోజనాలకు భంగం కలిగించే సమాచారాన్ని మినహాయిస్తుంది. సెక్షన్ 24, రెండవ షెడ్యూలు ప్రకారం డీఆర్‌డీవో మొత్తం సంస్థగానే చట్ట పరిధి వెలుపల ఉంది. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు సంబంధించిన సమాచారానికి మాత్రం ఆ మినహాయింపు వర్తించదు. ఇస్రో ఆ షెడ్యూలులో లేదు. అంటే ఒకే తీరం నుండి ఒకే రాకెట్‌పై ప్రయాణించిన రెండు ఉపగ్రహాలలో ఒకదాని గురించి పౌరుడు అడగగలడు, రెండవదాని గురించి అడగడానికి తలుపే లేదు. మొదటి పద్ధతి సమాచారాన్ని బట్టి మినహాయిస్తుంది. రెండవది సంస్థను బట్టి మినహాయిస్తుంది. రెండవ పద్ధతిలో పూతల కూర్పుకు దక్కే రక్షణ పనివేళల జాప్యానికి కూడా దక్కుతుంది.

తీరంలోని మత్స్యకారునికి అందే హెచ్చరికను ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఏమి ప్రయోగిస్తున్నారో చెప్పకుండానే, అతని మీద పడే ప్రభావమేమిటో చెబుతారు. పన్ను చెల్లించే పౌరునికి కూడా అదే సూత్రం వర్తించాలి. విమానం రాడార్‌కు ఎంత కనిపిస్తుందో అతనికి చెప్పనక్కరలేదు, కేటాయించిన రూ. 15,000 కోట్లలో ఎంత ఖర్చయింది, ఏ మజిలీ చేరారు, ఏది ఎందుకు ఆలస్యమైంది అన్నవి చెప్పవచ్చు. ఈ సమాచారం క్రమంగా వెలువడితే ఊహాగానాలలో అధికభాగానికి ఆధారమే ఉండదు.

8. పరిశోధకులకు కొన్ని సూచనలు

పై చర్చ నుండి అనుసరణీయమైన కొన్ని నియమాలు తేలుతాయి. ఒక వాక్యాన్ని ఆధారంగా స్వీకరించే ముందు అది ఉనికి, రూపం, సామర్థ్యం, ఉద్దేశం అన్న నాలుగింటిలో దేనికి చెందినదో గుర్తించాలి. సామర్థ్యం, ఉద్దేశం గురించిన వాక్యాలకు మొదటి రెండింటి కంటే బలమైన ఆధారం కోరాలి. ప్రతిపాదన, ఆమోదం, ఒప్పందం, అమలు అన్న నాలుగు దశలను ఒకదానితో ఒకటి కలపరాదు. ఉదహరించేటప్పుడు మూలంలోని సందేహార్థకాన్ని తప్పక నిలపాలి. కొత్త కథనాల వెంట పడేముందు వార్షిక నివేదికలను, పార్లమెంటు సమాధానాలను, ఆడిట్ నివేదికలను చదవాలి. ఎమిశాట్ ఉదాహరణ చెప్పినట్టు, కోరిన జవాబు అక్కడ ముందే అచ్చయి ఉండవచ్చు.

9. ముగింపు

శ్రీహరికోటలో పరిశీలించిన ఉదాహరణలు ఒక్కొక్కటి ఒక్కో హెచ్చరిక చేస్తున్నాయి. పృథ్వి తరువాతి పరిణామాలు, ఉద్దేశం గురించిన అనుమానం సాంకేతిక వాస్తవాన్ని ఎలా మింగేస్తుందో చూపాయి. మైక్రోశాట్-ఆర్, నిజమైన సంఖ్య నుండి కూడా తప్పు నిర్ణయానికి రావచ్చని చూపింది. ఎమిశాట్, రహస్యమనుకున్నది గ్రంథాలయంలో దొరకవచ్చని చూపింది. రెక్కల వాహనం, ముందుగా చెప్పి చేసిన పనికి వదంతుల బెడద తక్కువని చూపింది.

ఆమ్కా ఇంకా గాలిలోకి లేవలేదు. దాని విషయంలో శత్రువు నుండి దాచవలసినవి ఉన్నాయి. వాటిని దాచడం న్యాయమే. సొంత ప్రజల నుండి దాచనక్కరలేనివి కూడా ఉన్నాయి. ఈ రెండింటినీ ఒకే తెర వెనుక ఉంచినంతకాలం తెర ముందు ఊహాగానం ఆడుతూనే ఉంటుంది. రెండింటినీ వేరుచేయడం ప్రభుత్వం పని. వేరుచేసి చదవడం పరిశోధకుల పని. మొదటిది జరిగేవరకు రెండవది ఆగవలసిన అవసరం లేదు.